ముందు ఓరియంటేషన్, తర్వాతే వర్క్‌షాప్

మేడమ్ గారూ,

ఇతరులు చదివినా తెలిసేలా మీరడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీరు జూనియర్ లెక్చరర్‌గా పనిచేసి, మూడేళ్ళ కిందట మహబూబ్‌నగర్ వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఎకనామిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా వచ్చారు. పీహెచ్‌డీ ఉంది. ఇద్దరు చిన్నపిల్లలు. ఇంకో ఏడాదిలో క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, అంటే సర్వీసును బట్టి ప్రమోషన్ ఇచ్చే పథకం) కింద మొదటి ప్రమోషన్‌కు అర్హత వస్తుంది, దానికి కావాల్సిన ఓరియంటేషన్ శిక్షణ మాత్రం ఇంకా చేయలేదు. వాట్సాప్‌లో లింకులు చూసి చేసిన ఆన్‌లైన్ ప్రోగ్రాముల సర్టిఫికెట్లు పదిహేడు ఉన్నాయి, అవి చెల్లుతాయో లేదో తెలియదు. ఇంతలో ప్రిన్సిపాల్ గారు పిలిచి, ఫిబ్రవరిలో రెండు రోజుల నేషనల్ వర్క్‌షాప్ పెట్టాలి, 60 వేలు ఇస్తాం, కన్వీనర్ మీరే అన్నారు. టెన్షన్‌గా ఉంది, ఏది ముందు చేయాలి అని అడిగారు.

నాది నల్గొండ. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వర్క్‌షాపులకు వెళ్ళాను, పెట్టాను, కొన్నిట్లో వెనక బెంచీలో కునుకు కూడా తీశాను. కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ముందు ఓరియంటేషన్‌కు అప్లై చేయండి. ఈ వారమే. వర్క్‌షాప్ సంగతి ఆ తర్వాత.

ఎందుకో చెప్తాను. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం లెవెల్ 10 జీతం నుంచి పై మెట్టు లెవెల్ 11కి వెళ్ళాలంటే పీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు నాలుగేళ్ళ సర్వీసు, ఎంఫిల్ ఉంటే ఐదేళ్ళు, రెండూ లేకపోతే ఆరేళ్ళు కావాలి. దాంతోపాటు 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు ఒకటి పూర్తి చేసి ఉండాలి. దాని బదులు ఇంకోటి చూపిస్తానంటే కుదరదు. ఇప్పుడు దాన్ని ఫ్యాకల్టీ ఇండక్షన్ ప్రోగ్రామ్ అనే పేరుతో నడుపుతున్నారు, పేరు చూసి ఇది వేరేదేమో అని వదిలేయకండి. రెండో షరతు దగ్గర మాత్రం కొంచెం వెసులుబాటు ఉంది. ఒక రిఫ్రెషర్ గానీ రీసెర్చ్ మెథడాలజీ కోర్సు గానీ చేయొచ్చు. లేదా కనీసం వారం, అంటే ఐదు రోజులకు తక్కువ కాని ప్రోగ్రాములు రెండు చేయొచ్చు. అదీ కాకపోతే సర్టిఫికెట్ వచ్చే మూక్ కోర్సు, అంటే ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సు ఒకటి. ఏదైనా సరే, అసెస్‌మెంట్ పీరియడ్ లోపల చేసిందై ఉండాలి.

చాలామంది గమనించనిది తేదీల సంగతి. అర్హత వచ్చిన రోజుకు షరతులన్నీ పూర్తయి ఉంటే, ఇంటర్వ్యూ ఎంత ఆలస్యంగా జరిగినా ప్రమోషన్ ఆ పాత తేదీ నుంచే ఇస్తారు. ఒక్క కోర్సు మిగిలిపోయి ఆరు నెలల తర్వాత పూర్తయిందనుకోండి, మీ ప్రమోషన్ తేదీ కూడా ఆరు నెలలు ఆలస్యమవుతుంది. నెలకు మూలవేతనం లెవెల్ 10 మొదటి మెట్టులో 57,700, లెవెల్ 11 మొదటి మెట్టులో 68,900. పైగా ఆ ఆలస్యమైన తేదీ నుంచే తర్వాతి ప్రమోషన్‌కు ఐదేళ్ళు లెక్కపెడతారు, ఆ పై ప్రమోషన్‌కు అక్కణ్ణుంచి మూడేళ్ళు. మొదట్లో జారిన ఆరు నెలలు సర్వీసంతా మీ వెంటే వస్తాయి. నా తోటివాళ్ళలో ఒకాయన రిఫ్రెషర్‌ను "వచ్చే ఎండాకాలం చూద్దాం" అంటూ మూడు ఎండాకాలాలు దాటించాడు. రిటైరయ్యే నాటికి లెక్క వేసుకుని తల పట్టుకున్నాడు.

ఇప్పుడు మీ పదిహేడు సర్టిఫికెట్లు. టేబుల్ మీద పరిచి రోజులు లెక్కపెట్టండి. ఒక రోజు వెబినార్, రెండు రోజుల సెమినార్, మూడు రోజుల వర్క్‌షాప్ అని ఉన్నవన్నీ ఒక పక్కన పెట్టేయండి. నేర్చుకున్నది మీకు మిగిలింది, క్యాస్ లెక్కలోకి మాత్రం అవి రావు. ఐదు రోజులూ అంతకన్నా ఎక్కువ ఉన్నవాటిలో ఎవరు నిర్వహించారు, రోజుకు ఎన్ని గంటలు, తేదీలు స్పష్టంగా ఉన్నాయా చూడండి. 2020 లాక్‌డౌన్‌లో నేనూ ఇదే పని చేశాను. పొద్దున ఒక లింకు, సాయంత్రం ఒక లింకు, ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే మెయిల్‌లో సర్టిఫికెట్. నలభై దాకా పోగయ్యాయి. అప్పటికే ప్రొఫెసర్‌ని కాబట్టి నాకు నష్టం లేదు. కానీ తర్వాత స్క్రీనింగ్ కమిటీలో కూర్చున్నప్పుడు కుర్రవాళ్ళు అలాంటివే లామినేషన్ చేయించి ఫైలు నిండా తెస్తే, ఒక్కొక్కటీ పక్కన పెట్టడం నాకే కష్టమనిపించింది. అందులో ఒకే ప్రోగ్రాముకు రెండు వేర్వేరు తేదీలున్న సర్టిఫికెట్లు కూడా చూశాను.

ఓరియంటేషన్ ఎక్కడ చేయాలి? పాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలు మీరు వినే ఉంటారు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత మొదలయ్యాయి, 2015లో హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లయ్యాయి, 2023 నుంచి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు. బోర్డు మారినా బిల్డింగులు అవే. మన అదృష్టం కొద్దీ హైదరాబాద్‌లోనే నాలుగున్నాయి: ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌టీయూ, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ. మాలవీయ మిషన్ పోర్టల్‌లో ఒకసారి రిజిస్టర్ చేసుకుంటే దేశంలో ఏ సెంటర్ ప్రోగ్రాముకైనా అప్లై చేయొచ్చు. ప్రిన్సిపాల్ గారి అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. సీటు వచ్చాక ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) కోసం పరుగెత్తితే కమిషనరేట్ ఫైలు కదిలేలోపు ప్రోగ్రాం మొదలైపోతుంది.

ఆన్‌లైనా, వెళ్ళి కూర్చోవడమా అన్నారు. పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి ఆన్‌లైన్ చేస్తే ఎవరూ తప్పు పట్టరు, చెల్లుబాటులో తేడా లేదు. కానీ కాలేజీకి వెళ్తూ, మధ్యలో క్లాసు చెప్తూ, ఫోన్‌లో కెమెరా ఆఫ్ చేసి కోర్సు చేయడం అన్నది మాత్రం వద్దు. ఓడీ తీసుకుని ఇంట్లో తలుపేసుకుని చేయండి. వీలైతే ఒక్క ఓరియంటేషన్ మటుకు వెళ్ళి చేయమంటాను. నా అనుభవం చెప్తాను. నా ఓరియంటేషన్‌లో మైక్రో టీచింగ్ అని పెట్టారు. ఐదు నిమిషాల పాఠం చెప్పాలి, మిగతా సబ్జెక్టుల వాళ్ళు కూర్చుని వినాలి. అప్పటికి ఆరేళ్ళ సర్వీసు నాది, పాఠం బాగా చెప్తానని పేరు కూడా ఉంది. నేను ముగించాక ఫిజిక్స్ మేడమ్ ఒకావిడ లేచి, "సార్, మీరు ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు బోర్డుతోనే మాట్లాడారు" అన్నారు. అందరూ నవ్వారు. నా పిల్లలు ఆరేళ్ళుగా చూస్తున్న నా వీపు ఆ రోజు నాకు కనబడింది. ఆ మాట కెమెరా ఆఫ్ చేసిన ఆన్‌లైన్ క్లాసులో ఎవరు చెప్తారు?

రెండో షరతుకు మీరు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక "స్వయం"లో మూక్ కోర్సు చూసుకోండి. అందులో ఐఐటీల వాళ్ళు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు జనవరిలో, జులైలో మొదలవుతాయి. ఎనిమిది, పన్నెండు వారాల కోర్సుల్లో ఎకనామెట్రిక్స్, డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ లాంటివి వస్తుంటాయి. చేరడానికి ఫీజు లేదు, పరీక్ష రాయడానికి వెయ్యి రూపాయలు. అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కు వెళ్ళి రాసే పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రాకపోతే సర్టిఫికెట్ రాదు. ఆ భయమే దాని విలువ. పిల్లలు పడుకున్నాక రోజుకు ముప్పావుగంట కూర్చుంటే అయిపోతుంది. ఇది కాకపోతే ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) డబ్బిచ్చి నడిపించే రెండు వారాల కెపాసిటీ బిల్డింగ్ ప్రోగ్రాములున్నాయి, సోషల్ సైన్సెస్ ఫ్యాకల్టీ కోసమే. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. దొరికితే వదలకండి.

కోర్సు అవగానే సర్వీసు రిజిస్టర్‌లో ఎంట్రీ వేయించుకోండి. రిలీవింగ్ ఆర్డరు, అటెండెన్స్ సర్టిఫికెట్, ప్రొసీడింగ్స్ కాపీ ఒకే కవర్లో పెట్టండి. ఇంతకుమించి దీని గురించి చెప్పాల్సింది లేదు.

ఇక మీ వర్క్‌షాప్. ముందే ఒక చేదు మాట: మీరు పెట్టబోయే రెండు రోజుల వర్క్‌షాప్ క్యాస్ శిక్షణ షరతు కింద వచ్చేవాళ్ళకూ పనికిరాదు, మీకూ పనికిరాదు. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ కోసం పెట్టే ఫైల్లో ఒక అంకెగా పనికొస్తుంది. ప్రిన్సిపాల్ గారి తొందర అందుకే, అది తప్పు కాదు. బ్రోచర్‌లో "ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్" అని పెద్దక్షరాలతో వేసి ఆశ పెట్టకండి. సర్టిఫికెట్ ఆకర్షణ లేదు కాబట్టి, వచ్చేవాళ్ళు నేర్చుకోవడానికే రావాలి. నన్నడిగితే ఇది ఒకందుకు మంచిదే.

నేను మొదటిసారి పెట్టిన రెండు రోజుల నేషనల్ సెమినార్ ఎలా జరిగిందో వినండి. నూట నలభై మంది రిజిస్టర్ చేసుకున్నారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, మెమెంటోలిచ్చి, వేదిక మీద ఉన్న తొమ్మిది మందీ తలా పది నిమిషాలు మాట్లాడేసరికి భోజనం టైం. మధ్యాహ్నం అసలు విషయం చెప్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారి ముందు ముప్పై మంది కూడా లేరు. రెండో రోజు నాలుగు గంటలకు సర్టిఫికెట్లు ఇస్తామనగానే హాలు నిండిపోయింది. ముందు రోజు నేను చూడని ముఖాలు కూడా వచ్చాయి. ఆ రాత్రి ఫ్లెక్సీలు విప్పుతుంటే మా అటెండర్ "సార్, పెళ్ళి బాగ జరిగింది" అన్నాడు. వెక్కిరించాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

దానికి పూర్తిగా విరుద్ధమైనది ఒకటి చూశాను. మా హిస్టరీ మిత్రుడొకాయన అనుమతులు తీసుకుని ఇరవై మందిని నల్గొండ పక్కనే ఉన్న పానగల్‌కు తీసుకెళ్ళాడు. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం ఉన్న ఊరది. శాసనం ఉన్న రాయిని బ్రష్‌తో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంతల్లోకి దిగేలా బ్రష్‌తో తట్టి, కొంచెం ఆరాక సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. నేను ఎకనామిక్స్ వాణ్ణి, ఊరికే తోడు వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా కాకతీయుల పాఠం చెప్తున్న ఒక మేడమ్ మొదటిసారి శాసనంలో ఒక పదం తనే చదివి చిన్నపిల్లలా గంతులేసింది. శాలువా లేదు, మెమెంటో లేదు, మధ్యాహ్నం పులిహోర ప్యాకెట్లు. వచ్చిన ఇరవై మందీ సాయంత్రం దాకా ఉన్నారు.

అందుకే "గ్లోబలైజేషన్ సవాళ్ళు, అవకాశాలు" లాంటి టైటిల్ పెట్టకండి. మీ జిల్లాలోనే మంచి చిక్కుముడి ఒకటుంది. 2011 జనగణన నాటికి మహబూబ్‌నగర్ ఒకే జిల్లా: 64 మండలాలు, 40 లక్షల 53 వేల జనాభా. 2016 అక్టోబరులో అది మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అయింది. షాద్‌నగర్, ఆమనగల్ వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపువి వికారాబాద్‌కు పోయాయి. 2019లో నారాయణపేట విడిపోయింది. ఇప్పుడు నారాయణపేట పిల్లవాడు మా జిల్లా అక్షరాస్యత పదేళ్ళలో ఎంత పెరిగింది సార్ అంటే, జనగణన పుస్తకంలో ఆ జిల్లా పేరే ఉండదు. గ్రామాల వారీ పట్టికలు తీసి, ఏ ఊరు ఏ మండలంలోకి, ఏ మండలం ఏ జిల్లాలోకి వెళ్ళిందో చూసి కూడుకుంటూ రావాలి. కొత్త మండలాలు కూడా వచ్చాయి కాబట్టి పాత మండలం అంకె ఉన్నదున్నట్టు ఎత్తి పెడితే తప్పు వస్తుంది. ఇది తెలియక ఎంతమంది పీహెచ్‌డీ విద్యార్థులు పాత జిల్లా అంకెల పక్కన కొత్త జిల్లా అంకెలు పెట్టి "తగ్గుదల" కనిపెట్టారో నేను వైవాల్లో చూశాను. అంకె తగ్గలేదు నాయనా, జిల్లా తగ్గింది అని చెప్పాల్సి వచ్చేది.

మీ రెండు రోజులకు ఇది చాలు. మొదటి రోజు ఒక్కో లెక్చరర్ తన ఊరున్న మండలం తీసుకుని పట్టిక తయారు చేయాలి. రెండో రోజు పని, వలస మీదికి వెళ్ళండి. పాలమూరు లేబర్ గురించి మాట్లాడని ఎకనామిక్స్ లెక్చరర్ మన దగ్గర లేడు, సర్వే డేటా తెరిచి చూసినవాళ్ళు తక్కువ. 2017లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్రం జరిపే ఉపాధి, నిరుద్యోగ సర్వే) యూనిట్ స్థాయి, అంటే కుటుంబాల వారీ డేటా గణాంక శాఖ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని దించుకుని, తెలంగాణ గ్రామీణ కుటుంబాలను వేరుచేసి, వెయిట్లు వేసి ఒక్క పట్టిక తెప్పించడం నేర్పితే రెండో రోజుకు సరిపోతుంది. ఇంకా ఎక్కించకండి. శాంపిల్ చిన్నది కాబట్టి జిల్లా స్థాయిలో ఆ అంకెలను ఎందుకు నమ్మకూడదో కూడా చెప్పించండి. మిగతా డిపార్ట్‌మెంట్ల వాళ్ళు వింటుంటే ఒక మాట: మా నల్గొండ కెమిస్ట్రీ వాళ్ళకు ఫ్లోరైడ్ ఉంది, బోరు నీళ్ళు తెచ్చి పటిక, సున్నంతో నల్గొండ టెక్నిక్ చేసి, ముందూ వెనకా కొలిచి చూపించొచ్చు. ఎవరి ఊరి సరుకు వాళ్ళకుంది.

మనుషులు ముప్పైకి మించొద్దు. మీ ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు ఎన్నో మీరే వెళ్ళి ఆన్ చేసి చూడండి. స్టాక్ రిజిస్టర్ చూసి నమ్మకండి. ఇద్దరికి ఒక కంప్యూటర్ అయినా నడుస్తుంది, నలుగురికి ఒకటైతే ఇద్దరు ఫోన్ చూసుకుంటారు. డేటా ఫైళ్ళు ముందే పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి ఉంచండి. ముప్పై మంది ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెడితే కాలేజీ నెట్ పడుకుంటుంది.

డబ్బు లెక్క నేనైతే ఇలా వేస్తాను. సిబ్బందితో కలిపి నలభై మందికి రెండు రోజుల భోజనం, టీ, మనిషికి రోజుకు 200 చొప్పున 16 వేలు. హైదరాబాద్ నుంచి ఇద్దరు రిసోర్స్ పర్సన్లు: నాలుగు సెషన్లకు రెమ్యునరేషన్ 10 వేలు, రానుపోను 8 వేలు, ఒక రాత్రి బస 4 వేలు. హ్యాండౌట్లకు నాలుగున్నర వేలు. జనరేటర్, పెన్‌డ్రైవ్‌లకు 3 వేలు. ఒకే ఒక్క ఫ్లెక్సీకి వెయ్యి. మొత్తం 46,500. మిగిలిన పదమూడున్నర వేలు బ్యాగులకు, మెమెంటోలకు పోనివ్వకండి. గెస్ట్ లెక్చరర్ల బస్సు చార్జీలకు పెట్టండి. వాళ్ళకు ఓడీ లేదు, గంటల లెక్కన జీతం కాబట్టి మీ వర్క్‌షాప్‌కు వస్తే ఆ రెండు రోజుల డబ్బు పోతుంది. అయినా నేను చూసినంతవరకు ముందు బెంచీలో కూర్చుని రాసుకునేది వాళ్ళే. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకుంటే వాళ్ళ సీట్లు పది ముందే పక్కన పెట్టండి. ప్రతి ఖర్చుకూ బిల్లు తీసుకోండి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీ సంతకంతోనే వెళ్తుంది, రేపు ఆడిట్ వాళ్ళు పిలిచేది కూడా మిమ్మల్నే.

ప్రారంభ సభ పదిన్నరకు పెట్టండి. గద్వాల నుంచి రైల్లో వచ్చేవాళ్ళకూ, అచ్చంపేట బస్సులో వచ్చేవాళ్ళకూ అప్పటికి అందుతుంది. పదకొండుకల్లా అందరూ ల్యాబులో ఉండాలి. ముఖ్య అతిథి రాకపోతే ఆగకండి, వచ్చినప్పుడు ల్యాబుకే తీసుకురండి, పనిచేస్తున్న జనాన్ని చూస్తే ఆయనకూ బాగుంటుంది. సాయంత్రం నాలుగుంపావుకు వదిలేయండి, లేకపోతే నాలుగున్నర నుంచి అందరి కళ్ళూ గడియారం మీదే. సర్టిఫికెట్ తన మండలం పట్టిక పూర్తి చేసి ఇచ్చినవాళ్ళకే అని బ్రోచర్‌లోనే రాయండి. దీనికి కొందరు అలుగుతారు. అలగనివ్వండి.

తేదీలు పెట్టేముందు క్యాలెండర్ చూసుకోండి. ఫిబ్రవరిలో మాఘ పౌర్ణమి వస్తే మన్యంకొండ జాతర. ఆ రోజుల్లో రాయచూర్ రోడ్డు బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, మీ స్టాఫ్‌లో సగం మంది సెలవు అడుగుతారు. సెమిస్టర్ ప్రాక్టికల్స్ ఎప్పుడున్నాయో కూడా కనుక్కోండి. ఓరియంటేషన్ సీటు అదే నెలలో వస్తే వర్క్‌షాప్‌ను మార్చికి జరపమని ప్రిన్సిపాల్ గారిని అడగండి. 21 రోజుల కోర్సును జరపడం మీ చేతిలో ఉండదు, రెండు రోజుల వర్క్‌షాప్‌ను జరపడం ఉంటుంది. కాదంటే కో-కన్వీనర్‌కు అప్పగించి వెళ్ళిపోండి.

బ్రోచర్ డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. ఫిబ్రవరి అయినా మార్చి అయినా నేను వస్తాను. శాలువా వద్దు, ఇంట్లో ఇప్పటికే బీరువా నిండా ఉన్నాయి. మా పాత నల్గొండ 59 మండలాల పట్టిక ఒకటి చేత్తో వేసింది నా దగ్గరుంది, అది తెస్తాను. మీ వాళ్ళు కంప్యూటర్లో వేసిన పద్ధతితో సరిచూడాలని నాకూ ఉంది.